నడుము తిప్పితే కడుపు జారుతుందా?

గర్భిణుల వ్యాయామంపై పాఠకుల ప్రశ్నలకు స్త్రీవైద్యం, ఫిజియోథెరపీ, నృత్య శిక్షణలో పనిచేసే మా బృందం జవాబులు ఇస్తుంది. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెల్లీ డ్యాన్స్ గురించే వచ్చాయి. అందుకే మిగతావి వచ్చే సంచికకు ఉంచి దీన్నే తీసుకున్నాం.

ప్రశ్న: నాకు ఇరవయ్యో వారం, తొలి కాన్పు. రోజూ నడిచి నడిచి విసుగొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు బెల్లీ డ్యాన్స్ చేసే వీడియోలు ఫోన్‌లో చూసి, నేనూ చేద్దామనుకున్నాను. మా అత్తమ్మేమో "నడుము అట్ల తిప్పితే కడుపు జారుతది బిడ్డా" అని వద్దంటున్నారు. డాక్టరమ్మ వ్యాయామం చేయమన్నారు గానీ ఈ డ్యాన్స్ సంగతి నేను అడగలేదు. చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: చేయొచ్చు. దానికంటే ముందు రెండు పనులున్నాయి. మీ టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్) రిపోర్టు పట్టుకెళ్లి డాక్టరును అడగాలి. వీడియోలో చూసిన కదలికల్లో సగం మరిచిపోవాలి.

అత్తమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. ఇరవయ్యో వారానికి గర్భసంచి పై అంచు బొడ్డు దాకా వస్తుంది. బిడ్డ ఉమ్మనీటిలో తేలుతుంటుంది. గర్భసంచి గోడ మందపాటి కండరం, దాని మూతి బిగుసుకుని ఉంటుంది. మీరు నిలబడి నెమ్మదిగా తుంటి తిప్పితే లోపల బిడ్డకు తగిలే ఊపు, మీరు నడిచేటప్పుడు తగిలే ఊపులాంటిదే. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల లోపం. తల్లి వంగిందనో, తిరిగిందనో పోయేవి కావవి. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి. గర్భం నిలవని ఆడపిల్ల 'నేనేం చేశానో' అని ఏళ్లకేళ్లు కుమిలిపోవడం మన ఇళ్లలో చాలా చూస్తున్నాం.

అత్తమ్మ మాటలో నిజమూ ఉంది. కొందరికి ఇది నిజంగానే పనికిరాదు. మాయ (ప్లాసెంటా) కిందికి ఉండి, 26 వారాలు దాటినా పైకి జరగనివాళ్లు, గర్భసంచి మూతి వదులై కుట్టు వేయించుకున్నవాళ్లు, నాలుగో నెల తర్వాత కూడా ఎరుపు కనబడుతున్నవాళ్లు చేయకూడదు. నెలలు నిండకుండానే నొప్పులు వచ్చినవాళ్లు, ఉమ్మనీరు కారుతున్నవాళ్లు, బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లు, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, రక్తం బాగా తక్కువున్నవాళ్లు కూడా చేయకూడదు. కవలలైతే డాక్టరు ప్రత్యేకంగా చూసి చెప్పాలి. మీ రిపోర్టులో మాయ కిందికి ఉందని రాసినా గాభరా పడకండి. ఇరవయ్యో వారంలో అలా కనబడేవి చాలావరకు 32 వారాల్లోపు పైకి జరుగుతాయి. అప్పటిదాకా ఆగితే సరిపోతుంది.

ఇక నాట్యం సంగతి. అరబ్బీలో దీని పేరు రక్స్ షర్కీ, అంటే తూర్పు నాట్యం. ఈజిప్టులో పెళ్లిళ్లలో, ఇంటి వేడుకల్లో ఆడవాళ్లు ఆడుకునే బలదీ నాట్యం దీని పుట్టిల్లు. 1920ల నుంచి కైరో నాట్యశాలల్లో రంగస్థలానికి తగ్గట్టు మారింది. 'కడుపు నాట్యం' అని పేరు పెట్టింది ఫ్రెంచివాళ్లు. పేరులో కడుపు ఉన్నా పనంతా తుంటిది, మోకాళ్లది, పాదాలది. ప్రసవం కోసమే పుట్టిన నాట్యమని ప్రచారం చేసేవాళ్ల దగ్గర దానికి గట్టి ఆధారమేదీ లేదు. కడుపుతో ఉన్నవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఒక్కటే. పాదాలు నేల మీంచి లేవకుండా, ఎగరకుండా, దూకకుండా, బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా మార్చడం. పగలంతా పట్టేసిన నడుం కింది భాగానికి అది హాయినిస్తుంది.

ప్రశ్న: మా దగ్గర నేర్పేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో నేనే చేసుకునేలా ఏ స్టెప్పులు, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది వివరంగా రాయగలరు. నాకు ఇరవై రెండో వారం, డాక్టరు ఒప్పుకున్నారు.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: మొదట చోటు చూసుకోండి. షాబాదు బండలైనా, గచ్చయినా, టైల్స్ అయినా ఫర్వాలేదు, తడి మాత్రం ఉండకూడదు. చెప్పుల్లేకుండా ఒట్టికాళ్లతో చేయాలి. సాక్సులు వేసుకుంటే టైల్స్ మీద జారతారు. యోగా మ్యాట్ మీద వద్దు. ఆ రబ్బరు పాదాన్ని తిరగనివ్వదు. అప్పుడు పైన తుంటి తిరిగి, కింద పాదం ఆగిపోయి, మెలిక మొత్తం మోకాలి మీద పడుతుంది. చేయి చాపితే అందేలా వంటగట్టో, కిటికీ ఊచో, గోడకు ఆనించిన కుర్చీ వీపో ఉండాలి. కడుపు పెరిగేకొద్దీ శరీరం బరువు ముందుకు జరుగుతుంది కాబట్టి తూలడం మీరనుకున్నదానికంటే తేలిక.

భోజనం చేసి గంటన్నర అయ్యాక చేయండి. ఖాళీ కడుపుతోనూ వద్దు. అరగంట ముందు ఒక అరటిపండో, గుప్పెడు పుట్నాలో తినండి. మూత్రానికి వెళ్లొచ్చి మొదలుపెట్టండి. గజ్జెల బెల్టు కొనాల్సిన పనిలేదు. చున్నీని నాలుగు వేళ్ల వెడల్పున మడిచి కడుపు కింద, తుంటి ఎముకల మీదుగా కట్టి ముడి పక్కకు వేయండి. రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. చున్నీ ఎందుకంటే, అద్దంలో చూసినప్పుడు దాని అంచు ఏ పక్క లేస్తోందో, ఏ పక్క దిగుతోందో మీకే తెలిసిపోతుంది.

నిలబడడంలోనే సగం పని ఉంది. పాదాల మధ్య ఎడం తుంటి వెడల్పు ఉంటే చాలు, వేళ్లు కాస్త బయటికి తిప్పండి. మోకాళ్లు వెనక్కి బిగబట్టొద్దు. బిగబడితే కటి (తుంటి ఎముకల గూడు) ముందుకు వాలి, నడుం వెనక లోతుగా గుంట పడుతుంది. డ్యాన్స్ చేస్తే నడుం నొప్పి ఎక్కువైందని రాసేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. సరిచూసుకోవడానికి గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచండి. నడుం వెనక అరచేయి దూర్చండి. నోటితో ఊపిరి వదులుతూ తోకెముకను నేలవైపు దించితే ఆ సందు తగ్గి అరచేతికి నడుం తగులుతుంది. పిరుదులు బిగించి తగ్గించకూడదు, ఊపిరితోనే తగ్గాలి. ఇలా పదిసార్లు చేశాక గోడ వదిలి అదే నిలువులో ఉండండి.

ఐదు నిమిషాలు ఉన్నచోటే నడక, భుజాలు వెనక్కి తిప్పడం, చీలమండలు తిప్పడం. ఒళ్లు వేడెక్కాక పక్క ఊపు. నాలుగు లెక్కపెడుతూ బరువంతా కుడికాలి మీదికి, మళ్లీ నాలుగు లెక్కపెడుతూ ఎడమకాలి మీదికి. లెక్కకు ఒక సెకను. పదహారుసార్లు. బరువు మారేటప్పుడు రెండో పాదం నేలను వదలొద్దు.

తర్వాత చుట్టు. ఇది బాగా వస్తే చాలు, మిగతావి రాకపోయినా నష్టం లేదు. మీ కటి మధ్యలోంచి కిందికి ముగ్గుపిండి సన్నగా కారుతోందనుకోండి. తుంటి కుడికి వెళ్లి, వెనక్కి వెళ్లి, ఎడమకు వచ్చి, ముందుకు వచ్చేసరికి నేల మీద ఒక గుండ్రం పడాలి. ఆ గుండ్రం టిఫిన్ ప్లేటంత ఉంటే చాలు, తాంబాళమంత వద్దు. ఒక చుట్టుకు ఎనిమిది లెక్కలు. వెనక సగంలో ముక్కుతో ఊపిరి తీసుకోవాలి, ముందు సగంలో నోటితో వదలాలి. కుడినుంచి ఎనిమిది చుట్లు, కాసేపు ఆగి ఎడమనుంచి ఎనిమిది. ఛాతీ, తల ఉన్నచోటే ఉండాలి. తల కూడా గుండ్రంగా తిరుగుతోందంటే చుట్టు పెద్దదైందని అర్థం, తగ్గించండి. లేదంటే కళ్లు తిరుగుతాయి. అందరూ తప్పేది ముందు సగంలో. అక్కడికొచ్చేసరికి పొట్టను ముందుకు తోసేస్తారు, నడుం గుంట పడుతుంది. 28 వారాల తర్వాత ముందు సగాన్ని పూర్తిగా వదిలేయండి. కుడి, వెనక, ఎడమ, మళ్లీ వెనకనుంచే కుడికి, అంటే గుర్రపు నాడా ఆకారంలో చేస్తే చాలు. అప్పుడు నడుం సాగుతుంది, గుంట పడదు.

ఆ తర్వాతది ఎనిమిది అంకె. రెండు చుక్కల చుట్టూ మెలిక ముగ్గు వేసినట్టే ఇది. మీ పాదాలే ఆ రెండు చుక్కలు. కుడి తుంటి ముందుకు, పక్కకు, వెనక్కి వెళ్లి మధ్యకు రాగానే ఎడమ తుంటి ముందుకు బయలుదేరుతుంది. ఎనిమిది లెక్కల్లో ఒక పూర్తి మెలిక. ఆరుసార్లు చాలు. మెలిక తిరిగేటప్పుడు నడుం కింద, పిరుదు పైన గుంటలున్నచోట పోటు వస్తే ఈ కదలిక మీకు కాదు. మానేసి చుట్టుతోనే సరిపెట్టుకోండి.

చేతులు. భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లు వరసగా లేచి వరసగా దిగాలి. భుజం ఎత్తుకు మించి లేపొద్దు. రాత్రిళ్లు చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? మణికట్టు దగ్గర వాపుతో నరం ఒత్తుకోవడం వల్ల చాలామంది గర్భిణులకు ఇలా అవుతుంది. అలాంటివాళ్లు మణికట్టు వెనక్కి విరిచే ముద్రలు వదిలి, చేతిని తిన్నగానే ఊపాలి.

వీడియోల్లో కనబడే కడుపు అలలు, అంటే పొట్ట కండరాలు బిగించి వదిలి అలలా ఆడించడం, మొత్తంగా మానేయండి. పొట్ట మధ్య కండరాలు అసలే పక్కలకు జరిగి ఉంటాయి. ఆ బిగింపుతో మధ్యలో శిఖరంలా ఉబ్బుతుంది. ఆ అలకు బదులు చేతులు, మోకాళ్ల మీద ఆవులా నిలబడి, ఊపిరి వదులుతూ వీపును పైకి గుండ్రం చేసి, తీసుకుంటూ సమం చేయండి. కిందికి కుంగదీయొద్దు. ఎనిమిదిసార్లు. నడుముకు ఇంత సుఖమిచ్చే కదలిక ఈ మొత్తంలో ఇంకోటి లేదు.

వద్దన్నవి మరికొన్ని: తుంటిని టపీమని విసిరి ఆపడం, మోకాళ్లు గబగబా వణికిస్తూ చేసే షిమ్మీ, వెనక్కి విల్లులా వంగడం, గిరగిరా తిరగడం, దూకడం, మోకాళ్ల మీదికి దబ్బున కూలడం. గర్భంలో రిలాక్సిన్ అనే హార్మోను కీళ్ల పట్టీలను వదులు చేస్తుంది. వదులైన కీలు విసురును ఆపలేదు. ఆపాల్సిన భారం కండరం మీద పడి అది పట్టేస్తుంది.

ముగింపులో ఎడమపక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఐదు నిమిషాలు పడుకోండి. వెల్లకిలా వద్దు. ఇరవయ్యో వారం తర్వాత కడుపు బరువు వెన్ను పక్కన ఉన్న పెద్ద సిర మీద పడి, గుండెకు తిరిగి వెళ్లే రక్తం తగ్గి, కళ్లు తిరుగుతాయి. ఆ ఐదు నిమిషాల్లోనే మూత్రం ఆపుకునే కండరాలను ఊపిరి వదులుతూ పైకి లాగి, తీసుకుంటూ పూర్తిగా వదలండి. పదిసార్లు. లాగడం అందరికీ వస్తుంది, వదలడం చాలామందికి రాదు. కాన్పులో కావాల్సింది ఆ వదలడమే కాబట్టి చివరి నెలలో దాని మీదే శ్రద్ధ పెట్టండి.

మొదటి వారం రోజుకు పది నిమిషాలు. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ ఇరవై ఐదు, ముప్పై దాకా వెళ్లొచ్చు. వారంలో మూడు నాలుగు రోజులు ఇది, మిగతా రోజులు నడక. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇదీ, నడకా కలిపి ఆ లెక్కకు వచ్చేస్తాయి. ఒక మోస్తరు అంటే ఎంతో తెలియాలంటే మధ్యలో పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడి చూడండి. మాట తెగకుండా రావాలి. తెగుతోందంటే వేగం తగ్గించాలి.

ఎరుపు కనబడినా, నీళ్లు కారినా, కడుపు ఆగి ఆగి గట్టిపడుతున్నా, తలనొప్పి, కళ్ల ముందు మసక, ఛాతీలో నొప్పి, కదలకముందే ఆయాసం వచ్చినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దాంలే అనుకోవద్దు.

ప్రశ్న: ముప్పై ఒకటో వారం. వీడియో చూసి 'మాయా' అనే స్టెప్పు పది రోజులు చేశాను. ఇప్పుడు ముందు ఎముక దగ్గర చిటుక్కుమంటోంది. సల్వార్ వేసుకోవడానికి ఒక కాలు లేపినా, మంచం మీద పక్కకు తిరిగినా ప్రాణం పోతోంది. బిడ్డకేమైనా అయిందా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: బిడ్డకేమీ కాలేదు. మీరు చెప్పిన గుర్తులన్నీ కటి ముందు కీలువి. అక్కడ కుడి, ఎడమ ఎముకలు ఒక మెత్తటి పట్టీతో కలుస్తాయి. మామూలప్పుడు వాటి మధ్య సందు 4–5 మిల్లీమీటర్లు. గర్భంలో మరో 2–3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 'మాయా' అంటే నిలువు ఎనిమిది. ఒక తుంటి పైకి లేచి పక్కకు జారి దిగుతుంటే, రెండోది లేస్తుంటుంది. పేరు విని భయపడేవాళ్లకు ఒక మాట. మన మాయకూ ఈ పేరుకూ ఏ సంబంధమూ లేదు. కష్టమల్లా ఒక పక్క ఎముక పైకి, ఇంకో పక్క కిందికి పోవడంతో ఆ పట్టీ కత్తెర పడ్డట్టు లాగబడడమే. ఒంటికాలి మీద నిలబడి సల్వార్ వేసుకున్నా అదే జరుగుతుంది. అందుకే రెండుచోట్లా ఒకే నొప్పి.

నాట్యం పూర్తిగా ఆపండి. బట్టలు కూర్చుని వేసుకోండి. మంచం దిగేటప్పుడు రెండు మోకాళ్లూ అతికించినట్టు ఒకటిగా కదలాలి. మెట్లు ఒక్కొక్కటిగా, రెండు పాదాలూ కలిపి ఎక్కండి. బాసిపట్ల వేసుకుని కూర్చోవద్దు. మోకాళ్ల మధ్య దిండు ఉంటేనే నిద్ర పడుతుంది. ఫిజియోథెరపిస్టును కలిస్తే కడుపు కింద కట్టుకునే బెల్టు కొలత చూసి ఇస్తారు. నొప్పి తగ్గాక పక్క ఊపు ఒక్కటే, అది కూడా చిన్నగా.

గజ్జల్లో సూదితో పొడిచినట్టు వచ్చి నిమిషంలో పోయే నొప్పి వేరు. దగ్గినప్పుడో, గబుక్కున లేచినప్పుడో గర్భసంచిని పట్టి ఉంచే తాళ్లు సాగడం వల్ల అది వస్తుంది. నెమ్మదిగా కదిలితే రాదు.

ప్రశ్న: మాది సింగరేణి క్వార్టర్. ఎండలు మండిపోతున్నయి. ఇరవై ఆరో వారంలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. నాలుగు చుట్లు తిప్పేసరికి గుండె దడదడలాడుతోంది.
– ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: ఆపేయండి. గర్భిణికి 11 ఉండాలి. 8.9 అంటే మధ్యస్థ రక్తహీనత. రక్తం తక్కువైనప్పుడు ఉన్న కాస్త ప్రాణవాయువునే అందరికీ పంచడానికి గుండె అసలే వేగంగా కొట్టుకుంటుంటుంది. దాని మీద ఇంకో భారం వేయకూడదు. 10 దాటేవరకు నీడన నిదానంగా నడక, ఊపిరి అభ్యాసం చాలు. ఐరన్ మాత్ర ఎన్ని వేసుకోవాలో డాక్టరు ఇప్పుడు మార్చి రాస్తారు. నిమ్మనీళ్లతో వేసుకోండి. చాయ్, పాలు, కాల్షియం మాత్రలకు దానికి రెండు గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకేసారి మింగేసి 'మాత్రలు వాడుతూనే ఉన్నా రక్తం పెరగలేదు' అని బాధపడేవాళ్లు ఎందరో. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనంతో ఇచ్చే గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే కూర్చుని మీరే తినండి, తాగండి. ఇంటికి తెస్తే పిల్లల పాలవుతాయి. నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎండాకాలంలో తెల్లారి ఆరు, ఏడు మధ్యే చేయాలి. మీ దగ్గర గోడలు సాయంత్రం ఎనిమిదైనా సెగ కక్కుతూనే ఉంటాయి. ముందు ఒక గ్లాసు, పావుగంటకోసారి నాలుగు గుక్కలు నీళ్లు. మూత్రం పసుపు ముదిరితే నీళ్లు చాలలేదని గుర్తు.

ప్రశ్న: నా భార్యకు ఎనిమిదో నెల. ఈ డ్యాన్స్ చేస్తే నార్మల్ డెలివరీ ఖాయమని ఒక ఆన్‌లైన్ క్లాసువాళ్లు చెప్తున్నారు. ఫీజు కట్టమంటారా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఆ మాట నమ్మి కట్టొద్దు. కాన్పు ఎలా అవుతుందన్నది బిడ్డ తల ఎటుంది, బిడ్డ బరువెంత, కటి కొలత, నొప్పుల బలం, బీపీ, బిడ్డ గుండె చప్పుడు, ఇన్నింటి మీద ఉంటుంది. ఆసుపత్రి అలవాటు మీద కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లే. ఈ లెక్కను ఆడవాళ్ల నడుముల బిగువుతో వివరించడం అన్యాయం. క్లాసుకు వెళ్లీ ఆపరేషన్ అయిన తల్లి 'నేను సరిగ్గా చేయలేదు' అని బాధపడడం ఇంకా పెద్ద అన్యాయం.

క్రమం తప్పని వ్యాయామం వల్ల గర్భంలో వచ్చే షుగర్ ముప్పు తగ్గుతుంది, బరువు అదుపులో ఉంటుంది. అది నడకకైనా వర్తిస్తుంది. తుంటి చుట్టు నిజంగా అక్కరకొచ్చేది నొప్పులు మొదలయ్యాక. మొదటి దశలో పడుకోకుండా నిలబడి, నడుస్తూ, కదులుతూ ఉన్నవాళ్లకు ఆ దశ సగటున గంటకు పైగా తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. నొప్పి వచ్చినప్పుడు మంచం ఊచ పట్టుకుని ముందుకు వాలి, మోకాళ్లు వదులు చేసి చుట్టు తిప్పాలి. నొప్పి పోగానే ఆగి ఊపిరి తీసుకోవాలి. మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఇప్పటినుంచే ఆమె ఎదురుగా నిలబడి, ఆమె చేతులు మీ భుజాల మీద వేయించుకుని, ఆమె ఊగుతుంటే కదలకుండా నిలబడడం అలవాటు చేసుకోండి. కాన్పు గదిలోకి తోడుగా ఎవర్ని రానిస్తారో ఆసుపత్రిలో ముందే అడగండి. మగవాళ్లను రానివ్వకపోతే వాళ్లమ్మకో, ఒకసారి కాన్పయిన వదినెకో ఇదే నేర్పండి.

ప్రశ్న: సద్దుల బతుకమ్మ నాటికి నాకు ఏడో నెల. ఆడొచ్చా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: ఆడండి. ప్రతి అడుగుకూ నడుం దాకా వంగి చప్పట్లు కొట్టొద్దు. వంగి లేచే ప్రతిసారీ కళ్లు తిరుగుతాయి. ఛాతీ ఎత్తులో చప్పట్లు, మోకాళ్లు కొద్దిగా వంచి అడుగు. బయటి వలయంలో ఉండండి, ఇరవై నిమిషాలకోసారి కూర్చోండి. బరువైన బతుకమ్మను ఎత్తుకోవడం, తడి మెట్లు దిగి చెరువులో వదలడం ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి.

ప్రశ్న: నేను బీడీలు చేస్త. పొద్దంత చాట ఒళ్లో పెట్టుకొని కూసునుడే. ఐదో నెల. రాత్రికి నడుం లేవదు. డ్యాన్స్ చేసే తీరిక మాకెక్కడిది? కూసున్న కాడ్నే చేసేదేమన్న చెప్పున్రి.
– ఒక పాఠకురాలు, కోరుట్ల

జవాబు: ఉంది. గోడకు దగ్గరగా, నాలుగు వేళ్ల ఎత్తు పీట మీద కూర్చోండి. పిరుదులు మోకాళ్లకంటే ఎత్తులో ఉంటే నడుం గూని పోదు. యాభై ఆకులు చుట్టాక చాట పక్కన పెట్టి, అరచేతులు తొడల మీద ఆనించి, కూర్చున్నచోటే కటిని గుండ్రంగా తిప్పండి. రెండు పిరుదుల కింది ఎముకలు పీటకు తగులుతుంటాయి కదా, బరువు కుడి ఎముక మీదికి, వెనక్కి, ఎడమ ఎముక మీదికి, ముందుకు రావాలి. ఇటు ఆరు, అటు ఆరు. నిమిషం పట్టదు. అరగంటకోసారి లేచి గోడ పట్టుకుని పక్క ఊపు పదిసార్లు, మడమలు ఎత్తి దించడం పదిసార్లు. పిక్కల్లో నిలిచిన రక్తం పైకి వెళ్తుంది, సాయంత్రానికి పాదాల వాపు తగ్గుతుంది. కాళ్లు రోజంతా ఒకే తీరుగా మడిచి ఉంచొద్దు. కాసేపు ఒక కాలు చాపండి, కాసేపు ఇంకోటి.

మీ నడుముకంటే మాకు దిగులు పొగాకు మీద. దాని ధూళి ఊపిరితో పోతుంది, నికోటిన్ చేతి చర్మంలోంచీ ఒంట్లోకి దిగుతుంది, బిడ్డ దాకా వెళ్తుంది. ఈ నెలల్లో పొగాకు నింపే పని ఇంట్లో ఇంకొకరు చేసి, మీరు ఆకు కత్తిరించడం, దారం చుట్టడం చేయగలిగితే ఎంతో మేలు. కుదరకపోతే గాలి ఆడే అర్రలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయండి. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడగనిదే తినొద్దు. పండుకునే అర్రలో పొగాకు పెట్టొద్దు. ఆశా కార్యకర్తకు మీ పని సంగతి చెప్పి, బిడ్డ బరువు పెరుగుదలను డాక్టరుతో చూపించుకోండి.

ప్రశ్న: పెద్దాపరేషన్ అయి నెల దాటింది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? మా అమ్మ పొట్టకు చీర గట్టిగా కడుతోంది, అది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ఊపిరితో కండరాలు లాగి వదలడం, ఇంట్లో నడక ఇప్పుడే చేయండి. నాట్యం మాత్రం ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య, కుట్టు చూపించుకున్నాకే. మామూలు కాన్పయినవాళ్లకు ఆరు వారాలు. మొదలుపెట్టే ముందు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కాస్త ఎత్తి, బొడ్డుకు పైన వేళ్లు అడ్డంగా ఆనించి చూడండి. మధ్య సందులో రెండు వేళ్లకంటే ఎక్కువ దిగితే ముందు ఫిజియోథెరపిస్టును కలవాలి. మొదట పక్క ఊపు, గుర్రపు నాడా చుట్టు. మీరు చేసే ముందు బిడ్డకు పాలిచ్చేయండి, రొమ్ములు బరువుగా ఉండవు.

చీర కట్టడం తప్పేమీ కాదు, నిలబడ్డప్పుడు కుట్టుకు ఊతంగా ఉంటుంది. బిగించి కడితేనే చెడ్డది. పై ఒత్తిడంతా కిందికి దిగి, అసలే సాగిన మూత్రం ఆపుకునే కండరాల మీద పడుతుంది. కట్టాక హాయిగా దగ్గగలగాలి, అరచేయి లోపలికి దూరాలి. తిండి తినేటప్పుడు, పడుకునేటప్పుడు విప్పేయమని అమ్మకు చెప్పండి.